గుర్రం చచ్చిపోయింది, పిల్లలకు మెదడువాపు వస్తుందా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకూ అర్థం కావాలని మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. మీది చంద్రగిరి దగ్గర పల్లె. మీ బావగారు తిరుపతిలో పెళ్ళి ఊరేగింపులకు రెండు గుర్రాలు తిప్పుతారు. అందులో ఒకటి పోయిన వారం మేత మానేసింది, తూలింది, నోట్లోంచి చొంగ కార్చింది, వెనక కాళ్ళు పడిపోయి మూడో రోజుకు చచ్చిపోయింది. డాక్టర్ వచ్చేలోపే అంతా అయిపోయింది, పూడ్చేశారు. ఇంటి వెనక వరి కయ్యలు, వాటి అవతల పందులు. ఇంతలో ఎవరో ఫోన్‌లో అమెరికా వీడియో చూపించారు, గుర్రాలకూ మనుషులకూ దోమల వల్ల మెదడు జబ్బు వచ్చి చనిపోతున్నారని. ఏడేళ్ళ పాపను, మూడేళ్ళ బాబును మదనపల్లెలో పుట్టింటికి పంపేయాలా, రెండో గుర్రాన్ని అమ్మేయాలా అని అడిగారు.

నేను చిత్తూరు జిల్లాలో 31 ఏళ్ళు పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీరు అడిగినదానికి జవాబు చెప్తాను గానీ, అడగనిది ముందు చెప్పాలి. మీ మెసేజ్ మధ్యలో ఒక వాక్యం ఉంది: "గడ్డి గొంతులో ఇరుక్కుందేమోనని బావగారు, మా ఆయన నోట్లో చెయ్యి పెట్టి చూశారు." నా టెన్షన్ అంతా ఆ వాక్యం మీదే. దోమల సంగతి తరువాత.

మన దగ్గర గుర్రం మేత మింగలేక, చొంగ కారుస్తూ, కాళ్ళు పడిపోయి మూడు నాలుగు రోజుల్లో చచ్చిపోయిందంటే మొదట అనుమానించాల్సింది రేబిస్‌ను. అదే, పిచ్చికుక్క జబ్బు. అదేనని ఇక్కడ కూర్చుని తేల్చలేను. శాంపిల్ తీయలేదు, పూడ్చేశారు, ఇక తేలే దారి కూడా లేదు. తేలనప్పుడు ఉన్నట్టే లెక్క వేసుకోవాలి. కుక్క కరవడం మేం చూడలేదు అంటారేమో. కరిచాక రెండు వారాలకూ రావచ్చు, కొన్ని నెలలకూ రావచ్చు. రాత్రిపూట కొట్టంలో కట్టేసిన గుర్రాన్ని కుక్క కరిస్తే ఎవరు చూస్తారు?

కాబట్టి బావగారు, మీ ఆయన ఇద్దరూ ఈ రోజే రుయా ఆసుపత్రికో, మీకు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. చేతి మీద గీతలు, పగుళ్ళు, గోటి పక్కన చీలిన చర్మం ఏది ఉన్నా డాక్టర్‌కు చూపించమనండి. తెగిన చర్మానికి చొంగ తగిలితే కుక్క కరిచినంత లెక్క. అప్పుడు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో మందు కూడా వేస్తారు. వారం దాటింది కదా, ఇంకెందుకులే అని ఆగకండి. లక్షణాలు రానంతవరకు టీకా పనికొస్తుంది. వచ్చాక ఏదీ పనికిరాదు. పిల్లలు గుర్రాన్ని నిమిరారని రాశారు. గాయం లేని చర్మం మీద నిమిరితే భయం లేదు. దాని చొంగ పిల్లల నోటికో, కంటికో, పుండుకో తగిలే అవకాశం ఉందా అని మాత్రం వాళ్ళనే నెమ్మదిగా అడగండి. తిడతారన్న భయం ఉంటే పిల్లలు చెప్పరు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, 1989లో, పుంగనూరు వైపు ఒక జట్కా గుర్రాన్ని చూడటానికి పిలిచారు. ఉలవలు నోట్లో పెడితే అటూ ఇటూ నమిలి కింద పడేస్తోంది. పంటికేదో అయింది అనుకున్నాను. కుర్రతనం, గ్లౌజులు లేవు, చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దాకా నోట్లో పెట్టి వెతికాను. జట్కా ఆయన పక్కన నిలబడి దాని మెడ పట్టుకున్నాడు. మూడో రోజు అది తన ముందు కాలు తనే కొరుక్కుంది. అప్పుడు మా పెద్ద డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తల పంపి పరీక్ష చేయిస్తే రేబిస్ అని వచ్చింది. నాకూ జట్కా ఆయనకూ బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున 14 ఇంజెక్షన్లు. పొట్ట మీద నిమ్మకాయంత వాపులు, రాత్రి బోర్లా పడుకోలేం. ఇప్పుడా బాధ లేదు. ఆ పాతరకం టీకాను మన దేశంలో ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు జబ్బకే నాలుగైదు సూదులు, నెలలోపు అయిపోతాయి.

వాళ్ళు వెళ్ళొచ్చాక మిగతాది తీరిగ్గా చదవండి.

గుర్రం తూలితే అది మెదడువాపే కానక్కర్లేదు. ధనుర్వాతం అయితే గుర్రం కొయ్యగుర్రంలా బిగుసుకుపోతుంది, చెవులు నిటారుగా లేస్తాయి, కంటి మూలనుంచి తెల్లటి పొర ముందుకొస్తుంది. జోరీగలు మోసే సర్రా అనే రక్తపు జబ్బు అయితే జ్వరం వచ్చి పోతూ, పొట్ట కిందా కాళ్ళకూ నీరు దిగి, వారాల తరబడి చిక్కిపోతుంది. దోమల వల్ల వచ్చే మెదడువాపులో జ్వరం, మందకొడితనం, తలను గోడకు ఆనించి నిలబడటం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం, ఒక్కోసారి చూపు పోవడం కనిపిస్తాయి. చప్పుడైతే ఉలిక్కిపడి మీద పడిపోయేవీ ఉంటాయి. అయితే ఈ వైరస్ సోకిన గుర్రాల్లో ఎక్కువ వాటికి పైకి ఏమీ తెలియదు. మీ గుర్రానికి ఇది కూడా అయి ఉండవచ్చు. నా వరుసలో మాత్రం ఇది మొదటిది కాదు.

ఇప్పుడు ఆ అమెరికా వీడియో సంగతి. అక్కడ తూర్పు రాష్ట్రాల్లో ఈస్టర్న్ ఈక్వైన్ ఎన్‌సెఫలైటిస్ అని ఒకటి ఉంది, ముద్దుగా ట్రిపుల్ ఈ అంటారు. 1933లో చచ్చిపోయిన గుర్రాల మెదడులోంచి ఆ వైరస్‌ను వేరు చేశారు, అందుకే పేరులో గుర్రం చేరింది. అడవుల మధ్య చిత్తడి నేలల్లో పక్షులకూ ఒక రకం దోమకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. మనుషులకు అరుదుగా వస్తుంది గానీ వస్తే చెడ్డది, మెదడుకు ఎక్కినవాళ్ళలో దాదాపు 30 శాతం మంది చనిపోతారు. అక్కడ గుర్రాలకు టీకా ఉంది, మనుషులకు లేదు. ఆ జబ్బు మన దేశానిది కాదు. ఆ వీడియో చూసి చంద్రగిరిలో భయపడక్కర్లేదు.

మనకున్నది దానిలాగే దోమల వల్ల వచ్చే వేరే జబ్బు, జపనీస్ మెదడువాపు. ఆసుపత్రిలో జేఈ అంటారు. డెంగీ వైరస్‌ది, దీనిది ఒకే కుటుంబం. వెస్ట్ నైల్ అని ఇంకోటి కూడా అదే కుటుంబానిది. 1937లో ఉగాండాలో బయటపడి, 1999లో న్యూయార్క్‌లో కాకులను, గుర్రాలను, మనుషులను పట్టుకుంది. కేరళలో దానివల్ల మరణాలు జరిగాయి. దాని దారి కూడా పక్షి, దోమ, మధ్యలో అడ్డొచ్చిన గుర్రమో మనిషో. జేఈకి మాత్రం ఇంకో మెట్టు ఉంది, పంది.

జపాన్ పేరు ఉంది కదా, మనకేం సంబంధం అనుకోకండి. మన దేశంలో ఈ జబ్బును మనుషుల్లో మొదట గుర్తించింది 1955లో, వేలూరులో. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. మన దేశంలో తయారైన జేఈ టీకా ఒకటి 2013లో వచ్చింది, హైదరాబాద్ కంపెనీది. దానికి వాడిన వైరస్ కోలార్ రోగి నుంచి తీసింది. అటు వేలూరు, ఇటు కోలార్, మధ్యలో మనం.

ఇక మీ అసలు ప్రశ్న. గుర్రం నుంచి పిల్లలకు వస్తుందా? జేఈ విషయంలో రాదు. ఎందుకు రాదో చెప్తాను, ఇది అర్థమైతే సగం భయం పోతుంది. దోమ ఒకసారి తాగేది రెండు మూడు మైక్రోలీటర్ల రక్తం, అంటే నీటి చుక్కలో ఇరవయ్యో వంతు. అంత కొంచెంలో వైరస్ దోమకు అంటుకోవాలంటే ఆ రక్తం నిండా వైరస్ ఉండాలి. గుర్రం రక్తంలోనూ మనిషి రక్తంలోనూ అది అంత చేరదు. వైరస్ మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది గానీ, ఇంకో దోమకు ఎక్కేంతగా రక్తంలో ఉండదు. మీ గుర్రాన్ని కుట్టిన దోమ మీ బాబును కుట్టినా, గుర్రం వల్ల ప్రమాదం లేదు. మా చదువులో దీన్ని దారి ముగిసిన జంతువు అంటారు. చుట్టుపక్కల గుర్రానికి జేఈ వచ్చిందంటే గుర్రం తెచ్చిందని కాదు, దానికీ మీకూ ఒకే దోమలు కుడుతున్నాయని.

దీనికి ఒక మినహాయింపు ఉంది. వెనిజులా పేరుతో ఒక గుర్రాల మెదడువాపు ఉంది, దక్షిణ అమెరికాలో. దాంట్లో మాత్రం గుర్రం రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగి దోమలకు ఎక్కుతుంది. 1995లో వెనిజులా, కొలంబియాల్లో అలాగే వ్యాపించి 75,000 నుంచి లక్ష మంది దాకా సోకిందని అంచనా. గుర్రం నుంచి వస్తుందన్న మాట పూర్తిగా పుకారేమీ కాదు, మన గుర్రాలకు వర్తించని నిజం.

పంది విషయం వేరు. పంది రక్తంలో వైరస్ రెండు నుంచి నాలుగు రోజులపాటు బాగా ఎక్కువగా ఉంటుంది. ఆ తరువాత దానికి రోగనిరోధక శక్తి వచ్చేస్తుంది, మళ్ళీ పట్టుకోదు. అంటే ముసలి పంది వల్ల పెద్ద ప్రమాదం లేదు. చిక్కంతా పందిపిల్లలతో. ఆడపంది ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది, ఈతకు ఎనిమిది పది పిల్లలు. తల్లిపాల రక్షణ కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. అలా ప్రతి ఏడూ వైరస్‌కు కొత్త ఇళ్ళు దొరుకుతాయి. పెద్ద పందికి జ్వరం కూడా తెలియదు. చూడిపంది అయితే చచ్చిన పిల్లలనో, ఎండిపోయి నల్లబడిన పిల్లలనో ఈనుతుంది. మీ కయ్యల అవతల పందులు అలా ఈనుతున్నాయేమో వాళ్ళను అడిగి చూడండి. అలా ఉంటే పశువుల ఆసుపత్రికి చెప్పాల్సిన విషయం అది.

ఇక్కడ కొంగలు కూడా ఉన్నాయి. తెల్లకొంగలు, గుడ్డికొంగలు, రాత్రి తిరిగే వక్కకొంగలు, వీటన్నిటిలోనూ వైరస్ పెరుగుతుంది. వాటికి ఏ జబ్బూ కనిపించదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూళ్ళు పెట్టే కొంగలైనా, మీ కయ్యలో నాగలి వెనక నడిచే కొంగలైనా అంతే. వాటిని తరమడం కుదరదు, తరమక్కర్లేదు కూడా. ఆవులు, ఎద్దుల రక్తంలో ఈ వైరస్ పెరగదు. ఈ దోమకు మనిషికంటే గొడ్డు రక్తమంటేనే ఇష్టం. గొడ్లు కొంత వైరస్‌ను తమ దగ్గరే ఆపేస్తాయి. అదే సమయంలో గొడ్ల రక్తం తాగి దోమల సంఖ్య కూడా పెరుగుతుంది. ఆవుంటే రక్ష అని ఎవరైనా చెప్తే పూర్తిగా నమ్మకండి.

పందుల వాళ్ళతో మాత్రం గొడవ పెట్టుకోకండి. 1999లో అనంతపురం వైపు మెదడువాపు వచ్చినప్పుడు మా దగ్గరా కంగారు పుట్టింది. పందులను ఊరవతలికి తోలే పనికి నన్నూ పంపారు. పొద్దున రెండు కిలోమీటర్లు తోలాం. మేం పంచాయతీ ఆఫీసులో టీ తాగి బయటికి వచ్చేసరికి అవి మాకంటే ముందే ఊళ్ళో ఉన్నాయి. పైగా పందుల పక్కన పడుకునేది వాళ్ళ పిల్లలే. ముందు సోకేది వాళ్ళకే. దొడ్డిని ఇళ్ళకు దూరంగా జరపమని, సందెవేళ దాని చుట్టూ తెర కట్టమని మంచిగా అడగండి. వాళ్ళ పిల్లలకూ టీకా వేయించమని చెప్పండి.

దోమ గురించి కొంచెం. డెంగీ దోమ పగలు కుడుతుంది, డ్రమ్ముల్లో, పాత టైర్లలో పెరుగుతుంది. మురుగు కాలువలో పెరిగేది బోదకాలు దోమ. జేఈ దోమ వరి కయ్యల్లో, చెరువు అంచుల్లో, గడ్డి ఉన్న మంచినీళ్ళలో పెరిగి, చీకటి పడ్డాక ఆరుబయట కుడుతుంది. పొగమిషన్ బండి వీధిలో తిరిగితే ఈ దోమకు పెద్దగా ఏమీ కాదు. మనకు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, నాట్లూ అప్పుడే, దోమలూ అప్పుడే. కయ్యలో నీళ్ళు ఎప్పుడూ నిలవుంచకుండా తడిపి ఆరబెట్టే పద్ధతి పాటిస్తే లార్వా చచ్చిపోతుంది, నీళ్ళ ఖర్చూ తగ్గుతుంది. కానీ మీ ఒక్క కయ్య ఆరబెడితే చాలదు. చుట్టుపక్కల రైతులంతా కలిసి చేయాలి. అది మాటల్లో సులభం, చేతల్లో కాదు.

అందుకే చేయగలిగింది ముందు చేయండి. పిల్లలను సందెవేళ నుంచి ఇంట్లో ఉంచండి, పొడుగు చేతుల బట్టలు వేయండి, రాత్రి దోమతెర కట్టండి. ఎండాకాలం మిద్దె మీద పడుకున్నా తెర ఉండాల్సిందే. వేపాకు పొగ కొట్టంలో పశువులకు కొంత ఉపశమనం ఇస్తుంది, మూసిన గదిలో పిల్లల దగ్గర మాత్రం వేయకండి.

అన్నిటికంటే పెద్ద రక్షణ టీకా. 2005లో గోరఖ్‌పూర్ వైపు వెయ్యిమందికి పైగా చనిపోయాక, 2006 నుంచి ఈ జబ్బు ఉన్న జిల్లాల్లో పిల్లలకు వేయడం మొదలుపెట్టారు. ఆ జిల్లాల్లో తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోటి ఇస్తారు. మీ పిల్లల టీకా కార్డు తీసి చూడండి. జేఈ గడిలో తేదీ ఉందా? లేకపోతే మీ ఏఎన్ఎంను అడగండి, అక్కడ లేకుంటే పిల్లల డాక్టర్ దగ్గర వేయించుకోవచ్చు. మదనపల్లె పంపడంకంటే ఇది మంచి పని. అక్కడ మాత్రం కయ్యలూ దోమలూ ఉండవా?

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఈ వైరస్ సోకినవాళ్ళలో సుమారు 250 మందిలో ఒక్కరికే జబ్బు తీవ్రంగా వస్తుంది. మిగతావాళ్ళకు తెలియకుండానే పోతుంది. ఆ ఒక్కరి సంగతి మాత్రం ఘోరం. మెదడుకు ఎక్కినవాళ్ళలో 30 శాతం దాకా చనిపోతారు, బతికినవాళ్ళలో 20 నుంచి 30 శాతం మందికి మాటో, నడకో, చదువో దెబ్బతింటుంది. వైరస్‌ను చంపే మందు లేదు. జ్వరం దించి, ఫిట్స్ ఆపి, ఊపిరి నిలబెట్టి శరీరానికి టైమ్ ఇవ్వడమే వైద్యం.

ఇంకో మాట. మన దగ్గర పిల్లాడికి జ్వరంతో ఫిట్స్ వస్తే అన్నిటినీ మెదడువాపు అనేస్తారు. 2003లో మన రాష్ట్రంలో 329 మంది పిల్లలకు అలా వచ్చి 183 మంది చనిపోయారు. అందరూ జేఈ అనుకున్నారు. తీరా చూస్తే చాలామందిలో దొరికింది చండీపుర వైరస్. అది ఇసుక ఈగ మోసేది, గుర్రంతోనూ పందితోనూ పని లేదు. ఏ వైరస్ అయినా ఇంటి దగ్గర మీరు చేయాల్సింది ఒక్కటే. జ్వరంతోపాటు గట్టి తలనొప్పి, వాంతులు, మత్తు, పిలిస్తే పలకకపోవడం, మాట తడబడటం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, పళ్ళ మధ్య చెంచా దూర్చకండి, నీళ్ళు పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎన్ని నిమిషాలు వచ్చిందో గడియారం చూసి గుర్తుంచుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే.

రెండో గుర్రం సంగతి. అమ్మకండి. ఇప్పుడు అమ్మితే మీ భయాన్ని ఇంకొకరి ఇంటికి పంపినట్టే. మొదటిదాన్ని కుక్క కరిచి ఉంటే, పక్కనే కట్టేసిన దీన్నీ కరిచి ఉండవచ్చు. కొన్నాళ్ళు ఊరేగింపులకు పంపొద్దు. పెళ్ళికొడుకు ఎక్కుతాడు, చుట్టూ పిల్లలు మూగుతారు, వాళ్ళే క్యారెట్ తినిపిస్తారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో అది కష్టమని తెలుసు, మీ బావగారికి నా మీద కోపం వస్తుందని కూడా తెలుసు. మీ మండలం పశువుల డాక్టర్‌ను పిలిచి జరిగింది చెప్పండి. రేబిస్ టీకా విషయం ఆయన చూస్తారు, సర్రాకు రక్తం కూడా తీస్తారు. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఉంది, గుర్రాన్ని అక్కడికైనా తీసుకెళ్ళవచ్చు. జపాన్‌లో పందెపు గుర్రాలకు జేఈ టీకా వేస్తారు, మన దగ్గర మామూలుగా దొరకదు. కాబట్టి దీనికీ దోమతెర, ఫ్యానే గతి. సందెవేళకు కొట్టంలోకి తోలి, కిటికీలకు జాలి బిగించండి. ఒకరే మేత పెట్టండి, గ్లౌజులు వేసుకోండి. మేత మానినా, చొంగ కారినా, అడుగు తడబడినా నోట్లో చెయ్యి మాత్రం పెట్టొద్దు. ఈసారి చచ్చిపోతే పూడ్చేలోపు డాక్టర్‌కు చెప్పండి, తల శాంపిల్ తీస్తే అసలేమైందో తెలుస్తుంది.

పూడ్చిన చోటు గురించి అడిగారు. ఆరడుగుల లోతు, మీద సున్నం చల్లి ఉంటే చాలు. కుక్కలు తవ్వేలా ఉంటే ముళ్ళకంప వేసి రాళ్ళు పేర్చండి.

బావగారు వాళ్ళకు మొదటి సూది పడ్డాక, డాక్టర్ రాసిన తేదీలు ఇక్కడ పెట్టండి. ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారో లేదో కూడా రాయండి. రాత్రి తొమ్మిది దాకా ఫోన్ చూస్తుంటాను.